తొంభై డిగ్రీల నీళ్లు

పెళ్లయిన పదకొండో రోజుకల్లా డెలియాకి లోకంలోని సుఖాలన్నీ పదహారు అడుగుల పెట్టెలో దొరికేశాయి. చక్రాల మీద నిలబడ్డ ఆ ట్రైలర్లో ఒక మంచం, మంచం కాళ్ల దగ్గర రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్, దానికెదురుగా ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు రాసుకునే చిన్న బల్ల. పడుకున్న చోటు నుంచి చెయ్యి చాపితే స్టవ్ మీట అందేది. ఇల్లంతా గదులున్నవాళ్లకి ఈ సుఖమేం తెలుసని ఆమె మొగుడితో అంది.

"గదులున్నవాళ్లకి స్నానాలగది తలుపు పూర్తిగా మూసుకునే సుఖం ఉంటుంది" అన్నాడు వెస్లీ దుప్పట్లోంచి.

నెబ్రాస్కాలో ఒక ముసలి జంట అమ్ముతుంటే కొన్న పాత ట్రైలర్ అది. వెస్లీ తన పికప్ వెనక దాన్ని తగిలించి, రెండు రోజులు మైదానాల మీదుగా లాక్కొచ్చి, కొలరాడో కొండల్లోకి ఎక్కించాడు. స్ప్రూస్ హాలో అనే ఆ క్యాంపు పదివేల అడుగుల ఎత్తున ఉంది. అక్టోబర్ మొదటి వారం. కరెంటు తీగ లేని చోటు. వేసవిలో జాగా కోసం కొట్టుకునే జనం ఎప్పుడో దిగిపోయారు. ఇప్పుడక్కడ ఉన్నది వీళ్లిద్దరూ, గేటు దగ్గర తన సొంత ట్రైలర్లో ఉంటూ క్యాంపు బాగోగులు చూసే రోవీనా అనే పెద్దావిడ, అంతే.

మొదటి రోజు పొద్దున్న కాఫీ పుల్లగా వచ్చింది. డెలియా మొహం చిన్నబోయింది. ఆమె కాలేజీలో ఆహార శాస్త్రం చదివింది. కాఫీ అంటే ఆమెకి ప్రాణం. చేతితో తిప్పే మర, పింగాణీ గరాటు, కాగితపు వడపోతలు, ఉష్ణమాపకం, ఇవన్నీ పెళ్లిబట్టల కంటే జాగ్రత్తగా సర్దుకుని వచ్చింది. ఉడుకుతున్న నీళ్లలో ఉష్ణమాపకం ముంచి చూస్తే తొంభై దగ్గర ఆగిపోయింది. అంత ఎత్తున నీళ్లు తొంభై డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మంట పెట్టినా అంతకంటే వేడెక్కవు.

"మనకున్నది తొంభై. అందులో ఒక్క డిగ్రీ కూడా పోనివ్వకూడదు" అంది.

గింజలు ఇంకాస్త మెత్తగా విసిరింది. గరాటునీ కప్పులనీ ముందే మరిగే నీళ్లతో కడిగి వెచ్చబెట్టింది. నీళ్లు సన్నటి ధారగా పోస్తూ మధ్యలో ఆగి కలియబెట్టింది. రుచి కొంత దారికొచ్చింది. అయినా పైకప్పులోని గాలికిటికీ నుంచి చల్లగాలి సూటిగా గరాటు మీదకే దిగుతోంది. రెండు డిగ్రీలు అక్కడే పోతున్నాయి. రెండో రోజు పొద్దున్న ఆమె మంచమెక్కి ఆ గాలికిటికీ మూత బిగించింది. పక్క కిటికీ సందులో, పెళ్లికి ఎవరో ఇచ్చిన గులాబీ రంగు వంటగుడ్డ కుక్కింది. ఆ పూట దిగిన కాఫీకి మాడీమాడని బెల్లం పాకం వాసన వచ్చింది. పుట్టినప్పటి నుంచీ పెట్రోలు బంకుల కాఫీ తాగి పెరిగిన వెస్లీ, కప్పు ఖాళీ చేసి మళ్లీ ముందుకు చాపాడు. పెళ్లినాటి పొగడ్తలన్నీ కలిపినా డెలియాకి అంత ఆనందం కలగలేదు.

ఆ సాయంత్రం అలారం మొదలైంది. నేలకి జానెడు ఎత్తున గోడకి బిగించిన గ్యాస్ అలారం అది, గ్యాసు కారినా విషవాయువు చేరినా మోగేది. అర నిమిషానికోసారి పిచ్చుక పిల్లలా కీచుమంటోంది. ధాన్యం గిడ్డంగుల్లో యంత్రాలు బాగుచేసే వెస్లీకి దాని సంగతి వెంటనే అర్థమైంది. రెండు రోజులుగా మబ్బు. పైకప్పు మీది సోలార్ పలక నుంచి బ్యాటరీకి చుక్క కరెంటు రాలేదు. ఉన్న కాస్తా హీటర్ ఫ్యాన్ మింగేసింది. ఇది గ్యాసు కోసం కాదు, ఆకలికి ఏడుస్తోందని చెప్పి, దాని ఫ్యూజు ఊడబీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎండ రాగానే పెట్టేస్తానన్నాడు. హీటర్ కూడా ఆపేశాడు. చలి పోవడానికి పొయ్యిలు రెండూ వెలిగించుకుంటే చాలన్నాడు. అలా చేయకూడదని స్టవ్ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది. ట్రైలర్లు లాక్కుని తిరిగేవాళ్లలో సగం మంది చేసే పని అదే.

ఆమె మూత బిగించిన సంగతి అతనికి గుర్తు లేదు. అతను ఫ్యూజు తీసిన సంగతి ఆమె పట్టించుకోలేదు. రెండూ చిన్న సంగతులే. విడివిడిగా ఉన్నంతకాలం ఎవరి జోలికీ రానివి.

గాలి పలచబడిన చోట గ్యాసు సరిగా కాలదు. మంట నీలంగా ఉండాల్సింది పసుపు తిరుగుతుంది. సరిగా కాలని గ్యాసు వదిలే విషానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ముందు తలనొప్పి తెస్తుంది, తర్వాత నిద్ర తెస్తుంది, ఆ తర్వాత ఇంకేమీ తేవలసిన పని ఉండదు. ఇది డెలియా ఒకప్పుడు పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న జవాబే. మూడో రోజు పొద్దున్న కెటిల్ అడుగున అట్టలా పట్టిన మసిని గుడ్డతో తుడుస్తూ, పసుపు మంట వెలుగులో ట్రైలర్ ఎంత ముచ్చటగా ఉందో అనుకుంది.

బయట మంచు కురుస్తోంది. కిటికీ అద్దాల మీద ఆవిరి ధారలు కట్టింది. ఇద్దరికీ తలనొప్పి. మొదటి రోజునే రోవీనా చెప్పింది, ఎత్తుకి అలవాటు పడేదాకా తల పట్టేసినట్టు ఉంటుంది, నీళ్లు బాగా తాగండి, రెండ్రోజుల్లో పోతుందని. రెండు రోజులూ అయిపోయాయి. పోలేదు సరికదా, ఈవేళ కణతల్లో సమ్మెటతో కొట్టినట్టుంది.

"ఇది కాఫీ తలనొప్పే" అని తేల్చింది డెలియా. "రోజూ ఏడింటికి పడేది, తొమ్మిదైంది. ఒంటికి తెలిసిపోతుంది."

"మరయితే మందు తొందరగా కలుపు డాక్టరమ్మా" అన్నాడు వెస్లీ. బల్ల ముందు కూర్చుని అరచేతుల్లో తల పెట్టుకున్నాడు. మాట కాస్త నిదానంగా వచ్చింది. నిద్రమత్తు అనుకుంది.

కాఫీ తాగేవాళ్లు మాత్రమే చేసే పొరపాటు ఇది. తల పగిలిపోతుంటే తక్కినవాళ్లు తలుపు తీసి బయటికి వెళతారు. వీళ్లు పొయ్యి పెద్దది చేస్తారు.

గింజలు విసిరి, అప్పటికే వెలుగుతున్న పొయ్యి మీద కెటిల్ ఎక్కించింది. చలికని రెండోది ఊరికే వెలిగించింది. గరాటులో నిన్నటి పిప్పి ఉంది. ఎలుగులు తిరిగే కొండ కనుక పిప్పి ఎక్కడ పడితే అక్కడ పారబోయడానికి లేదు. గేటు దగ్గరి ఇనప పెట్టెలోనే వెయ్యాలి, లేదంటే రోవీనా ఊరుకోదు. నీళ్లు మరిగేలోపు వెళ్లొస్తానని సంచి పట్టుకుని లేచింది. లేవగానే కాళ్లు తేలిపోయాయి. తలుపు గడి రెండుసార్లు తడుముకోవలసి వచ్చింది. వెస్లీ తల ఎత్తకుండానే చెయ్యి ఊపాడు. బయటి చలి లోపలికి రాకూడదని ఆమె తలుపు గట్టిగా లాగి మూసింది.

మంచులో మొదటి అడుగు తనదే. ఆ సంతోషంలో ఆమె దారి వదిలి, కావాలని తెల్లటి చోట్లే ఎంచుకుని నడిచింది. ఒకచోట జింక గిట్టల గుర్తులు కనిపిస్తే వంగుని చూసింది. వెస్లీకి చూపించాలని వాటి పక్కన తన పాదం పెట్టి కొలిచింది. చిటారు కొమ్మ మీంచి మంచు జారి మెడలో పడితే తనలో తనే నవ్వుకుంది. ఐదు నిమిషాల దారికి పావుగంట పట్టింది.

రోవీనా గేటు దగ్గర చీపురుతో తన సోలార్ పలక మీది మంచు దులుపుతోంది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎవరితో మాట్లాడినా వెనక సీటు దాకా వినబడాలన్నట్టే మాట్లాడుతుంది. మంచుకి మధ్యాహ్నానికల్లా కనుమ దారి మూసేస్తారట, కొత్త పెళ్లికొడుకుని లేపి బండి కట్టించమని చెప్పింది. తన ఫ్లాస్కులోంచి కాఫీ వంచబోయింది. సీసాల్లో అమ్మే ఇన్‌స్టంట్ పొడి కలిపిన కాఫీ అది. డెలియా మర్యాదగా వద్దంది. పొద్దుటి నుంచీ చుక్క తాగలేదని, వెళ్లి మొగుడితో కలిసి తాగుతానని అంది.

"చూశాంలే ఈ మురిపాలు" అంది రోవీనా. "అది సరే, తలనొప్పి తగ్గిందా పిల్లా?"

"తగ్గిందండీ. ఇప్పుడసలు..."

డెలియా అక్కడ ఆగిపోయింది. నిజంగానే తగ్గింది. తల కడిగిన పలకలా ఉంది. నడిచిన దూరం ఎంతో కాదు. కొండ ఎత్తూ అదే. కాఫీ చుక్క గొంతు దిగలేదు. మరి తలనొప్పి దేనికి పోయినట్టు? పావుగంటలో మారింది ఒక్కటే. పీల్చే గాలి.

పసుపు మంట గుర్తొచ్చింది. మసి గుర్తొచ్చింది. మూత బిగించింది తన చేతులే. చివరగా, తలుపు గట్టిగా లాగి మూసిన చప్పుడు చెవిలో మళ్లీ వినబడింది. సంచి అక్కడే పడేసి పరిగెత్తింది. వెనక నుంచి రోవీనా ఏమైందని అడుగుతోంది. "స్టవ్. కిటికీలు మూసేశాను" అని మాత్రం అనగలిగింది. పెద్దావిడకి అంతకంటే చెప్పనక్కర్లేకపోయింది.

వచ్చేటప్పుడు ఆడుకుంటూ వేసిన అడుగులన్నీ ఎదురొచ్చాయి. జింక గిట్టల పక్కన తన పాదం గుర్తు. అక్కడ ఆగిన నిమిషం. ఆ నిమిషంలో వెస్లీ ఎన్నిసార్లు ఊపిరి పీల్చి ఉంటాడో.

తలుపు తీసేసరికి లోపల వెచ్చగా, హాయిగా ఉంది. కొత్తగా విసిరిన గింజల వాసన తప్ప ఇంకే వాసనా లేదు. అన్నిటికంటే అదే ఆమెని భయపెట్టింది. కెటిల్ మరిగి మరిగి చిన్నగా ఊళ వేస్తోంది. వెస్లీ బల్ల మీద చెంప ఆనించి పడుకున్నాడు. పైకి కనబడే చెంప బాగా నిద్రపోయిన పసివాడి చెంపలా ఎర్రగా ఉంది. ఊపిరి బిగబట్టి పొయ్యిలు రెండూ కట్టేసింది. చంకల కింద చేతులు వేసి లాగింది. తొంభై కిలోల మనిషి. నిన్న ఇష్టంగా రాసుకున్న మోకాళ్లు ఇవాళ బల్ల కింద ఇరుక్కున్నాయి. ఒక్క లాగుడుకి బల్ల కాలు విరిగింది. కప్పులు పగిలాయి. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి పడింది, ఆమె మీద అతను పడ్డాడు. ఇద్దరూ మంచులోకి జారారు.

అతను కదలలేదు. ఆమె పిలిచింది. చెంపల మీద కొట్టింది. మంచు తీసి మొహానికి రాసింది. చెవి ఛాతీకి ఆనిస్తే తన గుండె చప్పుడే వినబడుతోంది గాని అతనిది తెలియలేదు. ఎంతసేపని తర్వాత చాలామంది అడిగారు, చెప్పలేకపోయింది. చివరికి గొంతులో ఏదో చిరిగినట్టు ఒక శబ్దం వచ్చింది. పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత ఊపిరి తీశాడు.

రోవీనా అప్పటికే రేడియోలో కింది ఊరివాళ్లకి కబురు పెట్టి, తన పికప్ వెనక్కి నడిపించుకుంటూ వచ్చింది. ఆంబులెన్సు బయల్దేరిందట. అది పైకెక్కే దాకా ఆగితే కనుమ మూసుకుపోతుంది, మనమే ఎదురెళదాం అంది. ఇద్దరూ కలిసి అతన్ని వెనక సీటులో పడుకోబెట్టారు. తల డెలియా ఒడిలో. అద్దాలు నాలుగూ దించేశారు. మంచు లోపలికి కొడుతోంది.

"ముప్పై ఏళ్లు బస్సు నడిపాను తల్లీ, దార్లో ఒక్కణ్ణీ పోగొట్టుకోలేదు" అంది రోవీనా, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా. "వాణ్ణి నిద్రపోనీకు. ఏదో ఒకటి అడుగుతూ ఉండు."

డెలియా అడిగింది. నీ పేరేంటి అంటే చెప్పాడు. మీ అమ్మ పేరేంటి అంటే ఒక మలుపు తిరిగాక చెప్పాడు. ఏ ఊళ్లో పని చేస్తావంటే అదీ చెప్పాడు. ఆమెకి ధైర్యం వచ్చింది. వేళ్లు అతని జుట్టులో పెట్టి, మన పెళ్లెప్పుడయింది అని అడిగింది.

వెస్లీ కళ్లు తెరిచి ఆమె మొహం చూశాడు. రెండు మలుపులు గడిచాయి. రోవీనా గేరు తగ్గించింది.

"వచ్చే శనివారం కదా" అన్నాడు.

ఎప్పుడూ వేళాకోళమాడే మనిషి. డెలియా అతని పెదవి చివర నవ్వు మొలుస్తుందేమోనని చూసింది. మొలవలేదు. అతను నిజంగానే అడుగుతున్నట్టు, కాస్త బెంగగా, మళ్లీ అన్నాడు.

"నువ్వు వస్తావు కదా?"

"వస్తాను" అంది డెలియా. "నిద్రపోకు. ఏ రంగు పూలు పెట్టుకోమంటావో చెప్పు."

అతను ఆలోచిస్తున్నాడు. కింద, చాలా కింద మలుపులో, మంచు వెనకాల ఒక ఎర్ర దీపం తిరుగుతూ పైకి వస్తోంది. డెలియా దాని వంక చూడకుండా, అతని మొహం మీంచి చూపు మరల్చకుండా, మళ్లీ మెల్లగా అడిగింది.

"చెప్పు. ఏ రంగు పూలు?"