కాలువ కట్ట మీద పరిగెత్తే మనిషి

స్తుతి ఒంటికాలి మీద బరువంతా వేసి మూడో దోసె తిప్పుతుంటే, ప్రసన్నకుమార్ పళ్ళెంలోంచి తలెత్తకుండానే అడిగాడు. "డాక్టర్ వద్దన్నా మళ్ళీ పరుగు మొదలెట్టావంట?"

భర్త మాట ఆమెకు అర్థం కాలేదు. మోకాలి కింద ఎముక వెంట్రుకవాసి పగిలి ఇరవై రోజులైంది. ఎడమకాలికి మోకాలి దాకా కట్టు. ఎనిమిది వారాలు పరుగు మాటెత్తొద్దనీ, ఎక్కువసేపు నిలబడొద్దనీ ఒంగోలులో డాక్టర్ చెప్పాడు. మొదటి మాట ఇంట్లో అందరికీ గుర్తుంది. రెండోది ఎవరికీ వినబడినట్టు లేదు. ఆ కాలితోనే వంట, అంట్లు, స్కూల్లో ఆరు పీరియడ్లు. పదేళ్ళుగా తెల్లవారుతూనే సాగర్ కాలువ కట్ట మీద పరిగెత్తే నలభై నిమిషాలే ఆమె ఎవరికీ ఏమీ కాకుండా ఉండే సమయం. అదొక్కటే ఆగిపోయింది.

మర్నాడు మిరపకోతకు వెళ్తూ పక్కింటి కరీమున్ గేటు దగ్గర ఆగింది. మంచులో కట్ట మీద చూశాననీ, పిలిచినా పలకలేదనీ నిష్ఠూరమాడింది. "కాలు బాగైనట్టుందే టీచరమ్మా, జింకలాగా పోతన్నావు."

తర్వాత పాలాయన చెప్పాడు. చర్చిలో ఇద్దరు చెప్పారు. స్తుతి మొదట నవ్వింది, తర్వాత నవ్వలేకపోయింది. నిద్ర లేచేసరికి గుండె దడదడలాడుతోంది. పిక్కలు లాగుతున్నాయి. వరండాలో తన షూస్‌కి తడి నల్లమట్టి అంటుకుని ఉంటోంది. నిద్రలో కట్టు విప్పుకుని వెళ్తున్నానా? పగిలిన ఎముకతో పరిగెడితే నొప్పైనా తెలియదా? తనకు తెలియకుండా తనలోంచి ఒకరు లేచి వెళ్ళిపోయేంతగా అలిసిపోయిందా తను? ప్రసన్నకుమార్‌తో చెబితే, ఖాళీగా కూర్చుంటే ఇలాంటివే తోస్తాయన్నాడు. అప్పుడామె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

ఆ శుక్రవారం ఐదింటికే లేచి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. షూస్ అప్పటికే లేవు. కల్లాల్లో ఎండుతున్న మిరప ఘాటు మంచుతో కలిసి గొంతులోకి దిగుతోంది. చాలాసేపటికి అడుగుల చప్పుడైంది. గేటు తోసుకుని అత్త ప్రేమమ్మ వచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, చీర ఎగదోపుకుని, కోడలి షూస్ వేసుకుని ఉంది.

ప్రేమమ్మ మెట్టు మీద కూర్చుని లేసులు విప్పుకుంటూ మెల్లగా చెప్పుకొచ్చింది. పెళ్ళయ్యాక పొలానికి, నీళ్ళకు, చర్చికి తప్ప ఊరికే గేటు దాటింది లేదట. కోడలి కాలికి కట్టు పడ్డాక ఈ షూస్ ఖాళీగా ఉండటం చూసి ఓ పొద్దున వేసుకుని కట్ట మీదికెళ్ళిందట, అప్పట్నుంచీ రోజూ వెళ్తోందట. చెప్పడానికి సిగ్గేసిందట.

స్తుతికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. "ఊరంతా నేనే పరిగెడుతున్నానని అంటున్నారు అత్తయ్యా. అయితే అది మీరేనా?"

ప్రేమమ్మ చేతులు ఆగిపోయాయి. "నేనెక్కడ పరిగెత్తగలనమ్మా, నడుస్తానంతే. నా ముందు పరిగెత్తేది నువ్వే అనుకున్నా. పిలిస్తే పలకవు. పోనీలే, దాని బాధేంటో దానిది అని ఎవరికీ చెప్పలా."

లోపల్నుంచి టీ కావాలని ప్రసన్నకుమార్ కేకేశాడు. ఇద్దరూ కదల్లేదు. కట్టు విప్పేదాకా పొయ్యి దగ్గర నిలబడనని స్తుతి కూర్చున్న చోటు నుంచే, గొంతు పెంచకుండా చెప్పింది. అతను విసుక్కున్నాడు, అలిగాడు, తల్లికి చెప్పి చూశాడు. చివరికి పొద్దుటి వంట అతని మీదే పడింది. స్తుతి మంచం మీద కూర్చుని డాక్టర్ నేర్పిన వ్యాయామాలు చేస్తుంటే, ఎన్నయ్యాయో ప్రేమమ్మ పైకి లెక్కపెట్టేది. మధ్యాహ్నాలు నిద్ర పట్టసాగింది. ఎముక అతుక్కుంది.

కట్టు తీసిన మర్నాడు అత్తాకోడళ్ళు కట్ట మీద మెల్లగా నడిచారు. వంద గజాల ముందు, మంచులో, ఓ ఆడమనిషి పరిగెడుతోంది. ఎడమ భుజం కాస్త వంచి, అచ్చం స్తుతిలాగే.

ప్రేమమ్మ కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. స్తుతి ఆ మనిషిని పిలవలేదు. తనకు మాత్రమే వినబడేటంత మెల్లగా, "ఆగొద్దు" అంది.