గొంతు పోయిన రోజు

పొద్దున చదవలేని పిల్లల గది, మధ్యాహ్నం చురుకైన పిల్లల గది. రెండింటికీ టీచరమ్మ ఒక్కతే. చదవడం రాక, చూపు పుస్తకం మీద కాక ఎదుటివాళ్ల పెదాల మీద పెట్టే పిల్లల్ని గుమ్మంలోనే పట్టేస్తుంది. "నా కళ్లు కప్పడం ఎవరి తరం?" అని స్టాఫ్‌రూమ్‌లో అందరినీ ఊదరగొడుతుంది.

మధ్యాహ్నం గదిలో ముందు బెంచీ ఆమె కూతురిదే. ఎంత పెద్ద కథైనా గుక్క తిప్పుకోకుండా చదివే ఆ పిల్లను అందరూ చిచ్చరపిడుగు అంటారు. అప్పుడు తల్లికి కాళ్లు నేల మీద ఆనవు.

రోజూ సాయంత్రం కూర కలుపుతూ మర్నాటి కథను పైకి చదువుకోవడం టీచరమ్మకు అలవాటు. నిన్న జలుబుతో గొంతు పూర్తిగా పోయి, ఆ పని మానేసింది. ఇవాళా గొంతు సరిగా రాక, క్లాసులో కొత్త కథ చదవమని కూతురికి సైగ చేసింది.

పిల్ల లేచి పుస్తకం తెరిచింది. పేజీ తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

'ఇప్పుడేం గారాలు?' అని టీచరమ్మ కళ్లెర్రజేసింది. అంతలో గమనించింది. కూతురి చూపు పుస్తకం మీద లేదు. తన పెదాల మీద ఉంది.

పిల్ల మెల్లగా దగ్గరికొచ్చి చెవిలో గుసగుసలాడింది.

"నిన్న వంటింట్లో నువ్వు చదవలేదు కదమ్మా. ఒక్కసారి నా చెవిలో చదివెయ్యి, విని చెప్పేస్తా. ఎప్పట్లాగే ఎవరికీ తెలీదు."