వినబడని గాంధారం

మూడో తీగదే ఈ అపచారమంతా, తక్కిన అయిదూ చెప్పినమాట వింటున్నా ఇది మాత్రం మెడలో వేసుకొన్న కొలతటేపు వలె వదులుగా వేలాడుతూ, మీటితే పలకవలసినది పోయి ఎండుటాకు వలె గరగరలాడుతున్నది, అనుకొంటూ మంగళ కుట్టుమిషను ముందరి పీట మీద గిటారును ఒడిలోకి సర్దుకొని, మిషను చక్రానికి ఆనించి నిలబెట్టిన ఫోనులోని గురువు చూపినట్లే ఎడమచేతి మూడు వేళ్ళను మూడు సన్నతీగల మీద ముక్కోణంగా అమర్చి, ఊపిరి బిగబట్టి మీటినది, మీటగానే మళ్ళీ అదే, విరిగిన పాలను నాలుక మీద వేసుకొన్నట్లు, ఆయన చేతిలో గుడిగంట వలె నిండుగా మ్రోగిన మీటు తన చేతిలో ఎందుకిట్లా పులిసిపోతున్నది, వేళ్ళది తప్పా, కొయ్యది తప్పా, కిటికీ చువ్వల గుండా మైలాపూరు మధ్యాహ్నపు ఎండ వచ్చి సగం కుట్టిన జాకెట్టు మీద చారలుగా పడుతున్నది, ఈ చారలు గోడ ఎక్కేసరికి దీపాలవేళ అవుతుంది, దీపాలవేళకు భజనగోష్ఠి వారందరూ కూటంలో చేరుతారు, అక్కడ ఈ గిటారుతో ఒక్క కీర్తన, ఒకే ఒక్క కీర్తన నడిపించగలిగితే ధనుర్మాసపు వేకువభజన ఎప్పటివలె మనుషుల గొంతులతో వీధి తిరుగుతుంది, లేదా తోపుడుబండి మీద స్పీకరు పెట్టె తిరుగుతుంది, పొద్దున గోష్ఠి పెత్తనం చూసే భరణి గడపలోనే నిలబడి, ఏందక్కా, నీ పెట్టె పాడతాదా, లేకుంటే స్పీకరోడికి అడ్వాన్సు ఇచ్చేసేదా, వాడు ఊరకే ఫోను చేస్తానే ఉండాడు, అని అడిగి, అంతటితో ఊరుకోక, మీ పక్కింటోళ్ళు మంగళక్క ఈమధ్య పిల్లిని పెంచతా ఉందా అని నన్ను అడగతా ఉండారు, నేనేమి చెప్పేది, అని పళ్ళికిలించాడు, పిల్లే తమ్ముడూ, సాయంత్రానికి పులిగా వస్తాది, నువ్వు తాళాలు తుడిచి పెట్టుకో పో, అన్నది తాను, అనడానికి అన్నది గాని, పులి ఇంకా పాలకేడుస్తూనే ఉన్నది.

అయినా ఆ పెట్టె రాకూడదు, పోయిన ఏడు గోష్ఠికి వాయించే రంగసామి మామ హార్మోనియంతో సహా హోసూరులోని కూతురింటికి చేరిపోయిన తరువాత ధనుర్మాసపు కడపటి వారమంతా పెట్టెతోనే జరిపి చూశారు గదా, మొదటి వీధిలో అందరూ పెట్టెతో కలిసి పాడారు, రెండో వీధిలో పెట్టె గొంతు తమ గొంతులకంటె బాగున్నదని సిగ్గుపడి తగ్గించారు, గుడి మలుపు తిరిగేసరికి పెట్టె పాడుతున్నది, మనుషులు నడుస్తున్నారు, ఒక్క నోరు మెదలటం లేదు, తెలుగు చదవరాని పిల్లలు తమిళ అక్షరాలలో వ్రాసుకొని వచ్చిన తెలుగు కీర్తనల కాగితాలు చేతులలోనే నలిగిపోయినవి, చీకటిలో ఆ నడకను చూస్తే భగవంతుని మేలుకొలుపబోతున్నవారి వలె గాక ఎవరినో సాగనంపబోతున్నవారి వలె ఉండినారు, ఆనాడే ఆమె అనుకొన్నది, మా ముత్తాతలు ఈ వీధికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకొన్నది ఈ పాటలే, ఇంట్లో మాట ఎటూ సగం తమిళమైపోయినది, పాట కూడా పెట్టెలోకి వెళ్ళిపోతే ఇక నోటిలో మిగిలేదేమిటి, ఫోనులోనే శ్రుతిపెట్టె ఉన్నది గదా, దానిని పెట్టుకొని పాడుదాము అంటే భరణి, ఆ గుయ్యిమనే సద్దుకి పిలకాయలు రారక్కా, వాళ్ళకి చేతిలో ఏందన్నా వాయించేవాళ్ళు కనపడాల, అన్నాడు, సరే కనపడతాను, అన్నది ఆమె, ఆ నిమిషాన దేనిని వాయించబోతున్నదో ఆమెకే తెలియదు.

తంబురా ఉండి ఉంటే, నాయన తంబురా, తిరువేంగడం నాయుడి తంబురా అంటే ఈ నాలుగు వీధులలోనూ తెలియనివారు లేరు, సంధ్యాదీపం పెట్టగానే గోడవార చాప పరచి, ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని, రెండు కట్టె శ్రుతికి బిరడాలు త్రిప్పుతూ, పంచమం, షడ్జమం, షడ్జమం, క్రింది షడ్జమం, ఇవి నాలుగే అమ్మణ్ణీ, వీటిలో గాంధారం ఏడన్నా ఉందా, లేదు గదా, అయినా శ్రుతి నిజంగా కలిసిందనుకో, ఎవురూ మీటని గాంధారం తనంతట తనే లేస్తాది, స్వామి స్వయంభువు అంటామే, అట్లా, ఇప్పుడు విను, వినబడిందా, అని కళ్ళు మూసుకొని అడిగేవాడు, ఆమె చెవులు రిక్కించి, మెడ వంచి, శ్వాస ఆపి విని, లేదు నాయనా, అనేది, పరవాలేదు లే, రేపు వినబడతాది, అని ఆయన మళ్ళీ మీటేవాడు, ఆ రేపు ఎన్నడూ రాలేదు, ఆయన వెళ్ళిపోయిన తరువాత డిసెంబరు వరదనీరు ఇంట్లోకి వచ్చిన నాడు తంబురా కుండ ఉబ్బి నిలువునా పగిలినది, క్రొత్తది కొనడం బట్టలు కుట్టి బ్రతికే ఇంటికి అయ్యే పని కాదు, హార్మోనియమూ అంతే.

ఎదుటి మేడమీది లేడీస్ హాస్టలు పిల్ల చదువు ముగించుకొని మిజోరం వెళ్ళిపోతూ, ఆంటీ, ఇది నా పెట్టెలో పట్టదు, నాకు రెండు కుర్తాలు కుట్టి ఇస్తే మీకే ఇచ్చేస్తాను, అన్నప్పుడు, దైవం ఏ చేతితో ఇస్తుందో ఎవరికి తెలుసు, అని ఆమె కొలతలు తీసుకొన్నది, అట్లా వచ్చినది ఈ గిటారు, వెనుక వైపు ఎవరో అంటించిన నక్షత్రాల బొమ్మ గీకినా పోలేదు, మీటే ముక్క కొనడం ఎందుకని కాలం చెల్లిన సిమ్‌కార్డు అట్టను కత్తెరతో గుండ్రంగా కత్తిరించుకొన్నది, భుజానికి తగిలించుకొనే పట్టీని పట్టుచీర అంచుముక్కలతో రెండుపొరలుగా కుట్టుకొన్నది, దానికొక తొడుగు కూడా, ఎవరో వద్దని వదిలిపోయిన కిటికీతెరతో, కుడిచేతి చూపుడువేలు సూదిపోట్లకు ఎన్నడో మొద్దుబారినది గాని ఎడమచేతి వేళ్ళు ఏ శ్రమా ఎరుగని అత్తింటి అల్లుళ్ళ వలె మెత్తగా ఉండేవి, మొదటివారం తీగ నొక్కితే కంట నీరు తిరిగినది, చారు గిన్నె తాకితే ప్రాణం పోయినది, ఇప్పుడు అవీ గట్టిపడినవి, వేడి లోటాను ఆ వేళ్ళతోనే పట్టుకొంటున్నది, ముక్కోణపు పట్టు ఒకటి, వేళ్ళు వరుసగా నిలిచే పట్టు ఒకటి, ఈ రెండింటి మధ్య చేయి మారడం కళ్ళు మూసుకొన్నా వస్తున్నది, ఇంత చేసినా పులుపే, తీగలు పాతవనుకొని క్రొత్తవి కట్టినది, మారలేదు, కొయ్య మెడ వంగినదేమో అని కుట్టుబల్ల స్కేలు ఆనించి చూసినది, వంగలేదు, మరి ఎక్కడున్నది ఈ దోషం, దొరికేదాకా లేవకూడదు, అని మళ్ళీ వేళ్ళు పెట్టి మీటినది.

అమ్మా, అని లోపలి గది నుండి జనని గొంతు, షోళింగనల్లూరు ఆఫీసులో రాత్రి డ్యూటీ ముగించి తెల్లవారి క్యాబులో వచ్చి పడుకొన్న కూతురు, తలగడ గుర్తులు చెంప మీద ఇంకా చెరగకుండానే వచ్చి గుమ్మానికి ఆనుకొని, ఎన్నమ్మా ఇదు, నెలగా ఒకే సద్దు, నువ్వు వాయించేది ఆయన వాయించేది ఒకటేనా, అన్నది, పట్టు ఒకటేనే, చూడు, ఈ వేలు ఈడ, ఈ వేలు ఈడ, ఆయనదీ అంతే, అని మంగళ చూపినది, జనని ఫోను చేతిలోకి తీసుకొని వేలితో పైకి తోసి, ఏమ్మా, ఇది పాఠం రెండు గదా, ఒకటి చూస్తివా, అని అడిగినది, అదేందో శ్రుతి చేసుకొనేది అని ఉండింది, అది నాకు తెలియందా, తిరువేంగడం నాయుడి కూతురికి శ్రుతి చేసేది ఒకరు నేర్పించాల్నా, ఉండే డేటా దానికి పోగొట్టుకొనేదెందుకని దాటేసినా, అన్నది మంగళ, అంటూండగా తన మాట తన చెవికే కొంచెం ఎత్తుగా వినబడినది, అయ్యో అమ్మా, తెలిసిందే అయితే ఇంకొకతూరి వింటే ఏమి పోయింది, నా డేటా వేసుకో, అని కూతురు ఏదో నొక్కి ఫోనును మళ్ళీ చక్రానికి ఆనించినది, గురువు ఏమీ మాట్లాడకుండా, పట్టు ఏదీ పట్టకుండా, ఉత్త తీగలను లావుదాని నుండి సన్నదానికి ఒక్కొక్కటిగా మీటినాడు, మంగళ చేతిలోని అట్టముక్క జారి క్రింద పడినది.

అది తంబురా కాదు. ఇంతకాలం తాను ఈ ఆరు తీగలనూ పంచమానికీ షడ్జమానికీ, మళ్ళీ షడ్జమానికీ కట్టివేసి, నాయన తంబురాను తెచ్చి ఈ పరాయి కొయ్యలో కూరి, పలకవేమి అని దీనిని తిట్టుకొంటూ కూర్చున్నది, దీని శ్రుతి వేరు, మళ్ళీ వేయవే జననీ, ఇంకొకతూరి, అన్నది, విన్నది, స్వరాలు చిన్ననాటి పేర్లతో పిలిచినట్లు ఒక్కొక్కటిగా వచ్చి నిలిచినవి, లావుది రిషభం, దాని ప్రక్కది పంచమం, ఆ తరువాతది షడ్జమం, నడిమి ఈ రెండూ నాయనవే, వీటిని తాను సరిగానే కట్టినది, కాని సన్నదాని వైపు నుండి మూడోది షడ్జమం కాదు, మధ్యమం, పాపం దానిని అంత క్రిందికి దించి వ్రేలాడదీసి, గరగరలాడుతున్నదని నింద కూడా వేసినది, రెండోది పంచమం కాదు, ధైవతం, సన్నది మళ్ళీ రిషభం, ఒకదానితో ఒకటి పోలిక లేని పిల్లలు ఒకే ఇంటివాళ్ళయినట్లు, అవమానం చెవుల దాకా వేడిగా ప్రాకినది, అవమానానికి ఇప్పుడు తీరిక లేదు, ఎండచారలు గోడ ఎక్కనే ఎక్కినవి, ఫోను ఆపేసి, నడిమి షడ్జమాన్ని మీటి దానికి తన గొంతు కలిపి, సరిగమ అని మెల్లగా ఎక్కుతూ, మధ్యమం దగ్గర ఆగి మూడో తీగ మరను త్రిప్పినది, వ్రేలాడుతున్న తీగ నిటారుగా లేచి నిలిచినది, ధైవతం దగ్గర రెండోది, రిషభం దగ్గర సన్నది, క్రింది రిషభానికి లావుది, విని కలిపేది తన చెవే, త్రిప్పేది తన చేయే, ఇక ముక్కోణం పట్టి, భయపడుతూ మీటినది, గది నిండినది, జనని నిద్ర కళ్ళు పెద్దవి చేసుకొని, అమ్మా, ఇదు అదే గిటారా, అన్నది, అదే, వేళ్ళూ అవే, ఇన్నాళ్ళ అభ్యాసం ఒక్క రవ్వ వృథా పోలేదు, తప్పు శ్రుతిలో నేర్చినా పట్టు పట్టే, పదవే, ముఖం కడుక్కో, నువ్వూ వస్తాండావు, తాళం నువ్వే వెయ్యాల.

కూటంలో దీపం వెలిగించి ఉన్నది, భరణి చేతిలో ఫోను పట్టుకొనే ఉన్నాడు, ఏందక్కా, పిల్లా పులా, అన్నాడు, అందరూ నవ్వినారు, మంగళ నవ్వలేదు, కిటికీతెర తొడుగు విప్పి, పట్టుపట్టీ భుజాన వేసుకొని, నాయన ఎప్పుడూ మొదట ఎత్తుకొనే కీర్తననే, మేలుకొనవయ్య మా వీధి దీపమా, అని ముక్కోణం మీటి ఎత్తుకొన్నది, ఒకరూ అందుకోలేదు, రెండోసారి జనని తాళంతో బాటు ఒక ముసలి గొంతు, వెనుక నుండి తమిళ కాగితం చూసి చదివే ఒక పిల్ల గొంతు, అంతలో చరణానికి తిరిగేచోట చేయి రెండో పట్టుకు మారవలసిన క్షణంలో చెమట, వేలు జారినది, పట్టు విడిపోయినది, ఇప్పుడు భరణి ఫోను చెవిన పెట్టుకొంటాడు, అనుకొన్నది, కాని పాట ఆగలేదు, ఆమె వదిలిన ఖాళీలోకి అందరి గొంతులూ ఒక్కసారిగా వచ్చి నిండినవి, పెట్టె ఎన్నడూ తప్పదు గనుక ఎన్నడూ ఎవరికీ చోటు ఇవ్వలేదు, అని తోచినది, మెరుపు వలె తోచినది, చేతిలో మాత్రం పట్టు లేదు, నడిమి రెండు తీగలే, నాయన పంచమం, నాయన షడ్జమం, వాటినే మీటుతూ ఆ గొంతుల క్రింద నిలబడినది, నిలబడి, పాట మరచి, పట్టు మరచి, మెడ వంచి వింటూ ఉండగా ఆ రెంటి నడుమ నుండి, ఎవరూ నొక్కని, ఎవరూ పాడని, సన్నగా, పైన, తేనెచుక్క వలె గాంధారం లేచినది, భరణి ఫోనును జేబులో వేసుకొని తాళాలు అందుకొంటున్నాడు, ఆమె చూడలేదు, ఇన్నాళ్ళూ శ్రుతి చేశాను, శ్రుతి చేయడం నాకు తెలుసునని చేశాను, శ్రుతి అంటే వినబడేదని నాయన చెప్పుతూనే ఉన్నాడు, అనుకొంటూ, వేళ్ళను తొందర పెట్టకుండా ముక్కోణంలోకి మళ్ళీ చేర్చుకొని, వినబడింది నాయనా, అన్నది.