అర దరువు ఆలస్యం

ఎండ కాస్త వాలగానే ఓబయ్య పొడుగాటి చెక్కకు తాడు కట్టి, ఒడ్డున ఇసుక మీద ఈడ్చుకుంటూ చదును చేయడం మొదలుపెట్టాడు. మైపాడులో ఏటా చలి వెనకపట్టాక చుట్టుపక్కల చర్చి సంఘాలన్నీ కలిసి యువజన సంగీత పండగ చేస్తాయి. దానికి రెండు స్టేజీలు. పెద్ద స్టేజి మీద పాటలు, ప్రార్థన, వాక్యం. అలలకు దగ్గరగా వేసే చిన్న స్టేజి మీద డీజే. కరపత్రాల్లో దాని పేరు ఈడీఎం స్టేజి. ముసలమ్మలు డిండిం స్టేజి అంటారు. వినేవాళ్లకు ఆ పేరే బాగా అతుకుతుంది.

ఆ డిండిం స్టేజిని చూసుకునేది ఓబయ్య కోడలు ఎలిశబెతు. జనరేటరులో డీజిలు ఉందో లేదో, బేస్ బాక్సులు ఇసుకలో దిగబడకుండా కింద బల్లలు వేశారో లేదో, వైర్లు జనం కాళ్లకు తగలకుండా పూడ్చారో లేదో అన్నీ ఆమే చూడాలి. కొంగు నడుముకు బిగించి, మెడలో గుర్తింపు కార్డు వేలాడేసుకుని తిరుగుతుంటే, పెద్ద స్టేజి వాళ్లు కూడా ఏదైనా పాడైతే ఆమెనే పిలిచేవాళ్లు.

అన్నిటికన్నా ముందు ఆమె కట్టించేది తాడు. స్టేజికీ అలలకీ నడుమ కొంత తడి ఇసుకను ఖాళీగా వదిలి, చుట్టూ గుంజలు పాతి వలతాడు కట్టించాలి. బేస్ బాక్సుల దెబ్బ నేలలోకి దిగగానే సముద్రంలో పోయినవాళ్లు వచ్చి అక్కడ ఆడతారు. మనుషులు కనబడరు. పాదాలు పడతాయి, అంతే. మడమ, వేళ్లు, ఒక్కో దరువుకూ ఒక్కో కొత్త జాడ. తాడు లేకపోతే బతికున్న పిల్లకాయలు అటొచ్చి తొక్కేస్తారు.

"తాడు దాటి సెల్ఫీలకి ఎవుర్నీ పోనియ్యబాకండి. బండ్లు చర్చి వెనకాల పెట్టించండి," అని పాస్టరు సుశీల్ కుమార్ గారు పొద్దున వలంటీర్లకు చెప్పారు. రెండూ ఒకే గొంతుతో చెప్పారు.

సాయంత్రానికి తాడు పక్కన చాపలు పడ్డాయి. పోయినవాళ్ల తల్లులూ పెళ్లాలూ మరమరాల పొట్లాలతో వచ్చి కూర్చున్నారు. పల్లెలో ఎవరి పాదం ఎవరిదో అందరికీ తెలుసు.

ఎలిశబెతుకు ఆ చాపల మీద చోటు లేదు. ఆమె మొగుడు రూఫస్ ముందటేడు కార్తీకంలో వాయుగుండం రోజున వేటకు పోయాడు. బోటు తిరగబడి దొరికింది, మనిషి దొరకలేదు. పోయినేడు పండగలో అందరూ తాడు పట్టుకుని చూశారు. అతని పాదం రాలేదు.

"రాలేదంటే బతికే ఉండాడు," అన్నాడు ఓబయ్య. "అరవోళ్ల రేవుకి కొట్టుకుపోయుంటాడు. అరవం నేర్చుకుని మరీ వస్తాడు, చూడండి."

ఇక ఆ మాట మీద నుంచి ఆయన్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు. పోయినవాళ్ల కోసం సంఘంలో జరిపే ఆదరణ కూడిక కొడుకు పేరున పెట్టనివ్వలేదు. ఇంట్లో రోజూ మూడో కంచం పెట్టించేవాడు. ఎలిశబెతు భార్యా కాలేదు, విధవా కాలేదు. ఊరు దాటి ఒక అడుగు వేయడానికి లేదు.

"అక్కా, మా ఓనరు మళ్లీ అడిగినాడు," అన్నాడు హబీబ్, మిక్సరుకు వైర్లు తగిలిస్తూ. అతను నెల్లూరు సౌండు కంపెనీ డీజే. "ఊరూరా స్టేజీలు చూసుకునే మనిషి కావాలంట. రేపు బండి పొయ్యేటప్పుడు నిన్నూ తీసుకొస్తానని చెప్పేదా?"

"మామ వదలడు హబీబూ. 'నా కొడుకు వచ్చేటప్పటికి పెళ్లాం ఇంట్లో ల్యాకపోతే ఎట్ట?' అంటాడు."

"ఈసారి కూడా ల్యాదంటే మా ఓనరు వేరే మనిషిని పెట్టుకుంటాడు అక్కా."

"పెట్టుకోనీ," అంది ఆమె. ఆ తర్వాత కాసేపటి వరకూ ఏ వైరు ఎక్కడ పెట్టాలో తప్పు చెబుతూనే ఉంది.

నిజానికి ఈ స్టేజి పెట్టించింది రూఫసే. అతనికి తాళం కుదిరేది కాదు. చర్చిలో డోలక్ వాయిస్తే పాట ఒక చోట, దరువు ఒక చోట. పాస్టరుగారు ఓపిక పట్టీ పట్టీ చివరికి డోలక్ లాగేసుకున్నారు. పెళ్లిలో 'ఒప్పుకుంటున్నాను' అనే మాట కూడా రెండోసారి అడిగాకే అన్నాడు. ఎగిరితే అందరి కాలూ నేలకు తగిలాక అతని కాలు తగిలేది. "నాకు చేతగాని పని మిషనుకి అప్పజెప్తా," అని నెల్లూరు పోయి హబీబ్‌ను వెంటబెట్టుకొచ్చాడు.

హబీబ్ మొదటి పాట వదిలాడు. 'రాజాధిరాజా' అనే మాట నాలుగుసార్లు తిరిగి, ఐదోసారికి బేస్ పడింది. కుర్రకారంతా ఒక్కసారిగా ఎగిరారు. తాడు అవతల తడి ఇసుకలో పాదాలు పడ్డాయి.

"అదో, మా పెద్దోడు!"

"లోతుగా దిగతా ఉందే కాలు. లావయినాడు."

"అక్కడ బాగానే పెడతా ఉండారు కదా తిండి."

ఎలిశబెతు జనరేటరు చూసి వస్తూ ఆగింది. తాడు లోపల దక్షిణం మూల ఓబయ్య చెక్క లాగుతున్నాడు. పాత జాడలు చెరపడానికి చెక్క లాగేది పాటకూ పాటకూ నడుమ. ఇప్పుడు పాట నడుస్తోంది.

"మామా, పాట మధ్యలో చెక్కేంది?"

"గుల్ల పెంకులుండాయి. కాళ్లకి గుచ్చుకుంటాయి," అన్నాడు ఓబయ్య, తలెత్తకుండా.

"ఎవురి కాళ్లకి?"

చెక్క ఆగింది. పోయినేడు కూడా ఆయన ఇదే మూల ఇట్లాగే లాగుతూ ఉన్నాడని ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు జనరేటరు ఆగిపోయి ఆమె అటు పరిగెత్తింది. అడగలేదు.

చెక్క వెనక నున్నటి ఇసుకలో ఒక మడమ దిగింది. తర్వాత వేళ్లు. మిగతా పాదాలన్నీ దరువుతో పాటు పడుతున్నాయి. ఇది మాత్రం అన్నీ పడ్డాక, అర దరువు ఆలస్యంగా పడుతోంది.

ఎలిశబెతు అరవలేదు. స్టేజి నడిపే మనిషి అరిస్తే జనం బెదిరిపోతారు. చెయ్యెత్తి పిడికిలి మూసింది. బేస్ కొయ్యమని సైగ. హబీబ్ కళ్లు పెద్దవి చేశాడు. అది కోసే చోటు కాదు. అయినా కోశాడు. సన్నటి రాగం ఒక్కటే మిగిలింది.

తాడు లోపల పాదాలన్నీ ఆగిపోయాయి. మూలనున్న పాదాలు ఆగలేదు. దరువు ఆగిందని రూఫస్‌కు ఇంకా తెలిసినట్టు లేదు.

ఆ మడమ దిగిన ప్రతిసారీ ఎలిశబెతు చప్పట్లు కొట్టింది. చాపల మీది ఆడవాళ్లు చూశారు. మరమరాల పొట్లాలు పక్కన పెట్టి వాళ్లూ కొట్టారు. కుర్రకారు అందుకున్నారు. పెద్ద స్టేజి దగ్గరున్నవాళ్లు తలలు తిప్పి ఇటు నడిచారు. ఒడ్డంతా రూఫస్ అడుగుకు చప్పట్లు కొడుతోంది.

హబీబ్ బటన్ మీద వేలు పెట్టుకుని ఆమె వంకే చూస్తున్నాడు. మడమ దిగబోతుండగా ఆమె చెయ్యి కిందికి దించింది. బేస్ సరిగ్గా ఆ పాదం కిందే పడింది.

బతికుండగా ఒక్కసారి కూడా కుదరనిది అప్పుడు కుదిరింది. బతికినవాళ్లూ పోయినవాళ్లూ అంతా రూఫస్ దరువుకే ఎగిరారు. కాసేపటికి అతను మళ్లీ అర దరువు వెనకబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఓబయ్య చెక్క తాడు వదిలేశాడు. చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, ఆ పాదాల పక్కన నిలబడి ఒక కాలు ఎత్తి వేశాడు. తర్వాత రెండోది. ఆయన కాలు కూడా అందరి తర్వాతే పడింది. ఆ ఒడ్డు మీద ఒకరితో ఒకరు సరిగ్గా కలిసింది ఆ తండ్రీ కొడుకులే.

పొద్దు పడమటి కొబ్బరిచెట్ల వెనక దిగింది. పోటు వచ్చి జాడలన్నీ తుడిచేసింది. సామాను బండికి ఎక్కిస్తుంటే ఓబయ్య పాస్టరుగారి దగ్గరికొచ్చాడు.

"అయ్యగారూ, ఆదివారం మా వోడికి ఆదరణ కూడిక పెట్టండి."

"అట్నే ఓబయ్యా," అన్నారు పాస్టరుగారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి.

"సౌండు నా కోడలు చూసుకుంటాది. ఆ మర్నాడు హబీబు వాళ్లకాడికి నెల్లూరు పోద్ది."

"నేనెప్పుడన్నా మామా పోతానని?" అంది ఎలిశబెతు.

"నువ్వనలా. నేనంటా ఉండా. కాదంటే చెప్పు."

ఆమె కాదనలేదు. ఆయన కాళ్లకంటిన ఇసుక తుడవడానికి ఆయన భుజం మీది తువ్వాలు లాగింది. కొసన మూట కట్టి ఉంది. ముడి జారి, గుప్పెడు గుల్ల పెంకులు గలగలా కింద పడ్డాయి. అన్నీ విరిగినవి, అంచులు పదునుగా ఉన్నాయి.

ఓబయ్య వంగి, ఎవరికీ గుచ్చుకోకుండా వాటిని ఒక్కటొక్కటే ఏరుకున్నాడు.

"అబద్ధం చెప్పినానా?" అన్నాడు.