ఒక్క రింగు

స్కూలు వదిలాక టీచరు ఇంటికి వెళ్ళలేదు. కాలుగాలిన పిల్లిలా బజారులో అటూ ఇటూ తిరిగి, మూడోసారి అటుగా వచ్చినప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు మెట్టెక్కింది. మాట్లాడటానికి తప్ప ఇంకెందుకూ పనికిరాని ఫోను ఒకటి కావాలంది.

కొట్టాయన ఆమె చేతిలోని టచ్ ఫోను చూసి, అది బాగానే ఉంది కదా అన్నాడు. బాగా పనిచేస్తోందనీ, అదే ఇబ్బంది అనీ ఆమె చెప్పింది. ఆయన అడుగు అరలోంచి నల్లటి బటన్ ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఒకసారి చార్జింగ్ పెడితే వారం వస్తుందట. కిందపడితే దెబ్బ నేలకేనట.

"మా ఇంట్లోనూ ఇదేనమ్మా. చెప్పిన మాట వింటుంది." ఒక్క క్షణం ఆగి, "ఫోను సంగతే లెండి" అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు గాని, ఫోను చేతిలోకి తీసుకుంది. అంకె నొక్కితే టిక్కుమని లోపలికి దిగింది. నొక్కిన సంగతి వేలికి తెలిసింది. ఒకసారి మోగించి చూపమంది. మోత కొట్టంతా నిండింది. ఇది మోగితే ఎవరో మనిషి పిలుస్తున్నట్టే కదా, ఇంకేవీ రావు కదా అని రెండుసార్లు అడిగింది.

ఆమెకూ తమ్ముడికీ ఒక ఏర్పాటు ఉండేది. అతను రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో మేస్త్రీ. రోజూ బండి మీద వెళ్ళి, చేరగానే అక్కకు ఒక్క రింగిచ్చి కట్ చేసేవాడు. ఒక్క రింగంటే చేరానని. ఆగకుండా మోగితే, పనుంది ఎత్తమని. బటన్ ఫోన్లనాటి అలవాటు. ఫోన్లు మారినా వాళ్ళు మానలేదు. అక్కకు రింగూ పెళ్ళానికి బెంగా అని మరదలు ఆటపట్టించేది.

మూడు నెలల కిందట ఒక ఉదయం, పరీక్ష డ్యూటీల మీద టీచర్ల గ్రూపులో ఒకటే గోల. కందిరీగల తుట్టె కదిపినట్టు ఫోను గుయ్యిమంటుంటే ఆమె మోత తీసేసి సంచిలో పడేసింది. రెండో పీరియడు అయ్యాక తీస్తే అరవైమూడు మెసేజీలు, వాటి కింద తమ్ముడి మిస్డ్ కాల్. చేరాడన్నమాట అనుకుని తర్వాతి క్లాసుకు వెళ్ళింది.

తమ్ముడు చేరలేదు. సగం దారిలో బండి ఆపి కల్వర్టు గోడ మీద కూర్చున్నవాడు, మరి లేవలేదు. గుండె అన్నారు. చేతిలోని ఫోను జారి కింది నీళ్ళలో పడి పాడైపోయింది.

మరదలు ఏడుపు మధ్యలో ఒక్కటే అడిగింది. "ఎంతసేపు మోగింది వదినా?"

తెలియదంది టీచరు. అది నిజమే. కాని ఆ మాట తర్వాత ఇద్దరూ మొహాలు చూసుకోలేకపోయారు. సాయం కోసం తమ్ముడు పిలుస్తూనే ఉంటే, తను హాజరు వేస్తూ ఉందా? ఈ మూడు నెలలూ ఆమె ఎక్కడా పది నిమిషాలు కుదురుగా కూర్చోలేదు.

కొట్టాయన ఆమె పాత ఫోను చేతిలోకి తీసుకుని, అది తనకే ఇచ్చేస్తే అందులోదంతా చెరిపేస్తానన్నాడు. కొత్తదాంట్లో ఏమేం ఉండవో ముందే చెప్పడం తన పద్ధతన్నాడు. ఫొటోలు రావు, గ్రూపులు రావు.

"మీ పాతదాంట్లో మిస్డ్ కాల్ ఎంతసేపు మోగిందో కూడా చూపిస్తుందమ్మా. పేరు పక్కన నొక్కితే చాలు. కొత్తదాంట్లో అది ఉండదు. తర్వాత నన్ననకండి."

ఆమె చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ అది తన సంచిలోనే ఉంది. చెరిపెయ్యండి అంటే చెరిగిపోతుంది. ఎప్పటికీ తెలియదు. తెలియకుండా బతకడం ఎలాగో కొంత అలవాటైంది కూడా.

పాత ఫోను వెనక్కి తీసుకుంది. వేలు రెండుసార్లు వేరే పేర్ల మీద పడింది. మూడోసారి తమ్ముడి పేరు పక్కన నొక్కింది.

మూడు సెకన్లు.

గుండెల మీది బండ దిగినట్టే ఉంది. అంతలోనే ఇంకోటి ఎక్కి కూర్చుంది. ఒక్క రింగంటే చేరానని. గుండె పట్టుకుని కల్వర్టు మీద కూర్చున్నవాడు, ఎక్కడికి చేరానన్నాడు?

సిమ్ము కొత్త ఫోనులో వేయించుకుని, అక్కడే నిలబడి పది అంకెలూ నొక్కింది. మరదలు ఎత్తింది.

"మూడు సెకన్లు మోగింది" అంది టీచరు. "ఒక్క రింగే."

అవతల చేతిలోని గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఆయనకి అబద్ధం చెప్పడం రాదు కదా" అంది మరదలు.

"మళ్ళీ చేద్దామని కట్ చేశాడేమో. నేను కంగారుపడతాననో. తెలియదే."

"రండి వదినా. ఫోనులో వద్దు."

వస్తున్నానంది టీచరు. మెట్లు దిగి, జనాన్ని తప్పించుకుంటూ మరదలి ఇంటివైపు గబగబా నడిచింది. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల గిన్నెల చప్పుడూ, ముక్కు చీదిన చప్పుడూ వినిపిస్తున్నాయి. ముందుగా ఎవరూ కట్ చెయ్యలేదు.