అటక మీది గది

పశువుల కొట్టాన్ని ఇల్లుగా మారుద్దామని తమ్ముడు అన్న రోజున పెద్దామె సంతోషించింది గాని, ఆ సంతోషం వెనకే దిగులు కూడా వచ్చి కూర్చుంది. ఆమె తీరే అంత. ఎవరైనా బజారుదాకా వెళ్తున్నా సరే, మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసే మనిషి.

"నాన్న మనిద్దరికీ ఇచ్చిన కొట్టం కదరా. మరి నేనెక్కడుండను?" అని అడిగింది.

"నువ్విప్పుడుంటున్న దాణా గదే నీ గది అక్కా. కిటికీ పెద్దది చేయిస్తా. గడప దాటితే పెరడు. సరేనా?"

తమ్ముడి నోటి మాట చాలు ఆమెకు. సరేనంది. పని జరిగినన్నాళ్లూ పెట్టె తీసుకెళ్లి పక్కింటి వసారాలో సర్దుకుంది.

రోజూ వచ్చి చూసేది. ఆవులు నిలబడిన చోట నున్నటి రాళ్లు పరిచారు. గడ్డి మేసిన గాడిని కడిగి, మీద పలక వేసి, వంటగట్టు చేశారు. బళ్లు వచ్చే పెద్ద తలుపు తీసేసి ఆ మేరంతా అద్దం బిగించారు. "ఇంత అద్దమేమిట్రా, తువ్వాలు చుట్టుకొచ్చినవాడి పరువేం కావాలి?" అంటే తమ్ముడు నవ్వాడు. దూలాలూ స్తంభాలూ మాత్రం పాతవే. పశువులు ఒళ్లు రుద్దుకున్న చోట కర్ర ఇంకా నున్నగా మెరుస్తూనే ఉంది.

ఒకరోజు దాణా గది తలుపు తోసి చూస్తే, లోపల కొత్త బీరువా, కొత్త మంచాలు.

"ఇది వచ్చేపోయేవాళ్లకి" అన్నాడు తమ్ముడు, గోడ వైపు చూస్తూ. "నీకు పైన చేయించానక్కా, గడ్డి అటక మీద. గాలీ వెలుతురూనూ. ఇంట్లో అన్నిటికన్నా మంచి గది అదే."

అటకకు మెట్లు లేవు. గోడకు నిలువుగా బిగించిన ఇనప నిచ్చెన ఉంది. పాత కొట్టం రూపు పోకూడదనట.

పోయిన చలికాలం ఆమె జారిపడి తుంటి విరిగింది. వీపు మీద మోసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది ఈ తమ్ముడే. వాడికి తెలియనిది కాదు. కాబట్టి ఇది వాడి బుర్రలో పుట్టిన పని కాదని ఆమె తేల్చుకుంది. మరదలిదే అయి ఉంటుంది.

"ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ అర్ధాన్నీ నిచ్చెనకి వేలాడదీస్తావా అమ్మాయ్?" అని దెప్పింది.

మరదలి మొహం ఎర్రబడింది. "నన్నంటారేం వదినా? అడగాల్సినవాళ్లని అడగండి" అని చేతిలో గుడ్డ విసిరికొట్టి వెళ్లిపోయింది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందనుకుంది పెద్దామె. తర్వాత మనసు మార్చుకుంది. ఎందుకీ రభస? ఎక్కి చూపిస్తే సరి. ఎక్కగలనని తెలిస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు.

మర్నాడు పనివాళ్లు భోజనాలకు పోయిన వేళ, కొంగు నడుముకు బిగించి నిచ్చెన పట్టుకుంది. మంచి కాలు ముందు, చెడ్డ కాలు తర్వాత. ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకుంది. పైకి చేరి, పాకుతూ లోపలికి వెళ్లి బోర్లా పడుకుంది. ఒళ్లంతా చెమట. అయినా గెలిచినట్టే ఉంది.

కొత్త రంగు వాసన కింద ఎక్కడో ఇంకా ఎండుగడ్డి వాసన. చిన్నప్పుడు ఇక్కడే తమ్ముడూ తనూ దాక్కునేవాళ్లు. కింద గుసగుసలాడినా అటక మీదికి స్పష్టంగా వినబడేది. ఒకరోజు నాన్న కింద నిలబడి నల్లావుకు బేరం కుదర్చడం అలాగే విన్నారు. తమ్ముడు గుక్కపట్టబోతే వాడి నోరు తన అరచేత్తో మూసింది. సాయంత్రం నాన్న, ఆవు తాడు తెంపుకుని పోయిందన్నాడు. ఆ రాత్రి తమ్ముడు అడిగాడు: "మనల్ని కూడా ఇలాగే చెప్పకుండా పంపేస్తారా అక్కా?" నేనుండగా ఎవరూ పంపరంది.

కింద అడుగుల చప్పుడైంది. తమ్ముడూ, వడ్రంగీ. ఏ పనికీ తొందరపడడు కనుక ఆ వడ్రంగిని అందరూ తొందర మేస్త్రీ అంటారు.

"ఈ మూల చోటుందండీ" అంటున్నాడు తొందర మేస్త్రీ. "మెట్లు తిప్పి వేసేస్తా. మీ ఇంటావిడగారు కూడా మెట్లే వేయమని పోరుతున్నారు. పెద్దామె ఎలా ఎక్కుతుంది పాపం?"

"నిచ్చెనే ఉండనీ."

"ఆమె వల్ల కాదండీ."

"నాకు తెలుసయ్యా!" తమ్ముడి గొంతు తగ్గింది. తగ్గినా వినిపించింది. "ఉండొద్దని అక్కతో నేనెలా అనను? చూసి చూసి తనే అంటుంది, పక్కూళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతానని. మాట నా నోట రాకూడదు."

"పామూ చావకూడదు, కర్రా విరక్కూడదన్నమాట" అన్నాడు మేస్త్రీ.

పెద్దామె అరచేయి తనంతట తనే లేచి నోటికి అడ్డం పడింది. ఈసారి తన నోటికే.

చాలాసేపటికి చేయి తీసి పిలిచింది. "తమ్ముడూ, దిగడం నా వల్ల కావడం లేదు. ఓసారి రారా."

నిచ్చెన కదిలింది. వాడు వెనక నిలబడి ఆమె పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాడు.

"ఎప్పుడెక్కావక్కా?"

"ఇందాకే. మాటలు ఇప్పటికీ బాగా వినిపిస్తాయిరా పైకి."

చీలమండ మీద వాడి చేయి ఆగిపోయింది.

"ఆగకు. కింది మెట్టెక్కడో చూపించు. నాకు కనబడదు."

చూపించాడు. ఒక్కొక్కటీ చూపించాడు. నేల తగలగానే ఆమె వాడి చేయి వదిలేసి, మేస్త్రీతో, "నాయనా, పక్కింటి వసారాలో నా పెట్టె ఉంది. కాస్త తెచ్చిపెడతావా?" అంది.

పెట్టె చెల్లెలి ఊరికనుకుని తమ్ముడు తల దించుకున్నాడు. ఆమె దాన్ని దాణా గదిలో పెట్టించి, కొత్త మంచాలను ముట్టకుండా పెట్టె మీదే కూర్చుంది.

"నేనైతే పోతాననను. పొమ్మనాలంటే నువ్వే అను. నా మొహం చూసి అను, వింటాను."

తమ్ముడు గడప అవతల నిలబడి నోరు తెరిచాడు. మూశాడు. ఎంతసేపు నిలబడినా ఆ గడప దాటలేదు, మాటా దాటించలేదు.

పొద్దువాలాక మరదలు దుప్పటి తెచ్చి ఒళ్లో పెట్టింది.

"నిన్ను అనరాని మాటన్నాను అమ్మాయ్" అంది పెద్దామె.

మరదలు పెట్టె మీద కొంచెం చోటుంటే పక్కన కూర్చుంది.