కప్పు కారని వెల్‌కూంబ్ భవనం

డోర్కస్ పిట్‌ఫీల్డ్ పనిమనిషిగా చేరేనాటికి వెల్‌కూంబ్ భవనంలో నలభై గదులుండేవి, ఉండే యజమానులు మాత్రం ముగ్గురే. యుద్ధం రాగానే నాట్యశాలలో గాయపడ్డ సైనికులకి మంచాలు వేశారు. తర్వాత అక్కడే ఆడపిల్లల బడి నడిచింది. అదీ వెళ్లిపోయాక యజమానులు సముద్రం ఒడ్డున చిన్న ఇంటికి మారిపోతూ తాళాలగుత్తి డోర్కస్ చేతిలో పెట్టారు.

తొమ్మిదేళ్లు ఆ ఇంటికి ఆవిడొక్కతే దిక్కు. ఎండ కాస్తే కిటికీలు తెరిచేది, ముసురు పడితే మూసేది. ఏటా ఆకు రాలే రోజుల్లో నిచ్చెనెక్కి, కప్పు అంచు కాలువల్లో పేరుకున్న బీచ్ చెట్ల ఆకుల్ని చేత్తో తోడి పారేసేది.

"దెయ్యాలకి కాపలా కాస్తున్నావా డోర్కస్?" అని రొట్టెల కొట్టాయన వేళాకోళమాడేవాడు.

"కాస్తే కాశాన్లే. వాటికి నీకున్నంత నోరు లేదు," అనేది.

పందొమ్మిది వందల యాభై అయిదులో ఇల్లు పడగొట్టాలని మాటొచ్చింది. ఆఖరిసారి చూసి పోదామని జిల్లా ఇంజనీరు స్టిక్‌ల్యాండ్ వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, "లాభం లేదమ్మా. ఇలాంటివి బోలెడు చూశాను. పైన దూలాలు పుచ్చిపోయుంటాయి," అన్నాడు.

"చూడకుండానే తేల్చేశారే. రండి, పైకెళ్దాం."

అటక మీద ఆయన జేబుకత్తి తీసి దూలానికి గుచ్చాడు. మొన దిగలేదు. ఇంకోదానికి గుచ్చాడు. అదీ అంతే. రెండువందల ఏళ్లనాటి ఓక్ కర్ర ఇనుములా ఉంది. ఎక్కడా చెమ్మ మరకైనా లేదు.

"ఈ కప్పు చూసుకునే మేస్త్రీ ఎవరు?"

"మేస్త్రీ ఎవరూ లేరండీ. నేనూ, నిచ్చెనా."

ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని మిగతా గదులన్నీ తిరిగాడు. ఆయన నివేదికతో కూల్చివేత ఆగింది. ఏడాది తిరిగేసరికి అది ముసలివాళ్ల ఆసుపత్రి అయింది, డోర్కస్ అందులో పెద్ద పర్యవేక్షకురాలు.

మూడో చలికాలంలో, తుంటి విరిగిన ఓ రోగిని నాట్యశాలలో తూర్పు కిటికీ పక్కన పడుకోబెట్టారు. ఆవిడ ఎవరో కాదు, పాత యజమానురాలు లేడీ మార్‌వుడ్.

మర్నాడు పొద్దున్నే డోర్కస్ టీ తెచ్చింది.

"ఈ గదిలో ఇరవై ఏళ్లు నాట్యం చేశాను. పొద్దుటెండ ఇంత బాగా పడుతుందని తెలీనేలేదు," అంది ముసలావిడ.

"ఆ వేళకి మీరు నిద్రలో ఉండేవారు కదమ్మగారూ."

"నీకు తెలుసా?"

"చలిమంట రాజెయ్యడానికొచ్చి రోజూ కాసేపు నిలబడి చూసేదాన్ని. ఎవరైనా చూస్తే తిడతారని భయమే అనుకోండి."

లేడీ మార్‌వుడ్ మంచం పక్క కుర్చీ చూపించింది. "నీ టీ కూడా తెచ్చుకుని కూర్చో డోర్కస్."

డోర్కస్ తెచ్చుకుని, కూర్చుంది.